జేబులోని జమీందారులు

1948లో జమీందారీల రద్దు చట్టము చేసిన పెద్దలు భూములను గూర్చి యోచించిరే గాని చొక్కా జేబును గూర్చి యోచింపలేదు. విజయనగరములో గంటస్తంభము నుండి మూడు లాంతర్ల దాఁక గాని, శ్రీకాకుళములో ఏడు రోడ్ల కూడలి నుండి కలెక్టరు కచేరి దాఁక గాని నడచి, ఎదురైన పెద్దమనుష్యుల ముఖములను విడిచి జేబు అంచున మెఱయు పెన్ను క్లిప్పులను మాత్రమే పరికించువానికి, రద్దయిన సంస్థానములన్నియు అక్కడ కాపురమున్నవని తెలియక పోదు. ఈ సంస్థానములకు ధర్మశాస్త్రము ఏకసూత్రము: వ్రాఁత తగ్గినకొలఁది ప్రతిష్ఠ పెరుగును.

ఇంత చిన్న సంగతికి గ్రాంథికమెందుకు, ఇదియు నొక డాబు కాదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. వాడుకభాషకై జీవితము ధారవోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించిన పర్వతాలపేట ఈ సీమలోనిదే గనుక ఆక్షేపణ న్యాయమే. కాని బంగారు పాళీ ప్రసంగమునకు వచ్చినపుడు వ్యావహారికమున మాటలాడుట పట్టుపంచెపై బనియను తొడిగి సభకు పోవుట వంటిది.

ఫౌంటెన్ పెన్నుకు న్యూయార్కులో లూయీ వాటర్‌మన్ పేటెంటు పొందినది 1884లో; కన్యాశుల్కము విజయనగరమున తొలిసారి రంగమెక్కినది 1892లో. నడుమ ఎనిమిదేండ్ల వ్యవధి యున్నది గనుక గిరీశము జేబులో నొక వాటర్‌మన్ ఉండుటకు కాలదోషమేమియు లేదు. ఉన్నచో అది పూటకూళ్లమ్మ సొమ్ముతో కొన్నదే యగును; సిరాకు మరల ఆమెనే అడుగవలసివచ్చును గనుక అందులో సిరా యుండదు; అయినను వెంకటేశము, అది యెన్నఁడును కాగితముపై వ్రాలగా చూడకయే, గురువుగారు మహాగ్రంథకర్త యని నమ్మును. గురజాడవారు ఆయనకు చుట్టతో సరిపెట్టిరి. మనవారి దశ మంచిది కాదు.

ఈ జేబు సంస్థానములలో ప్రథమాసనము, సందేహము లేదు, మాంట్‌బ్లాంక్ పెన్నుది. మూత కొనయందు తెల్లని నక్షత్రము. పాళీపై 4810 అను అంకె, ఆ పేరి పర్వతపు టెత్తు మీటర్లలో. పొరుగుననున్న మన మహేంద్రగిరి 1501 మీటర్లకే నిలిచిపోయినందున కాఁబోలు, ఈ ప్రాంతమున అట్టి పెన్ను పుట్టలేదు. 2009లో ఆ సంస్థవారికి గాంధీమహాత్ముని గౌరవింప బుద్ధి పుట్టి, దండియాత్ర 241 మైళ్లు గనుక 241 పెన్నులు చేసి, పాళీపై చేతికఱ్ఱతో నడచు మహాత్ముని చెక్కించి, రాట్నపు నూలుకు గుర్తుగా బంగారు తీగ చుట్టి, ఒక్కొక్కదానికి పది లక్షల రూపాయలకు మించిన వెల నిర్ణయించిరి. కొల్లాయి గట్టినవానికి ఇంతటి గౌరవము తగునా యని కొందఱు నొచ్చుకొనిరి. కేరళ హైకోర్టులో వ్యాజ్యము పడగా మఱుసటి యేఁడు మన దేశమున ఆ విక్రయమును ఆపివేసిరి. పొందూరులో నేఁటికిని వాలుగ చేప దవడ యెముకతో పత్తిని దువ్వి, పొల్లు లేకుండ ఏకి, కంటికానని పోగు తీయు అమ్మలున్నారు. తమ పోగే బంగారమై పెన్నెక్కినదని ఎవరైన వారితో చెప్పినచో, బాపూజీ మాట తరువాత చూచుకొందము గాని, ముందు మజూరీలో ఆ తేడా ఇప్పించండని అడిగియుందురు.

ద్వితీయాసనము బాణపు క్లిప్పు గల పార్కరుది. పెండ్లిలో మామగారు పెట్టిన పార్కరు మూత విప్పినచో పాతఁబడునని భయపడి, వెండి కంచములతోపాటు బీరువాలో దాఁచి, మనుమని అక్షరాభ్యాసము దాఁక తీయని యిండ్లు కలవు, అక్షరాభ్యాసమునకును పలకాబలపమే. 1941లో వచ్చిన పార్కరు 51 పాళీ కొనను మాత్రమే వెలికి చూపి తక్కినదానిని ముసుఁగులో నుంచినది. ఆ ముసుఁగునే అనుసరించి షాంఘై నుండి హీరో వచ్చెను. పదిగజముల దూరమున పార్కరు, రెండడుగుల దూరమున హీరో. అందుచేత దానిని ధరించువారు ఎవరితోను చనువుగా ఉండరు.

రాజమహేంద్రవరపు రత్నము పెన్నుకు ఏ యాసనమీయవలెనో తేల్చుట కష్టము. 1932లో ఆరంభమైన ఆ కుటుంబపు పనికి 1935లో గాంధీగారే మెచ్చుకోలు లేఖ వ్రాసిరి. ఒకచోట మహాత్ముఁడు పాళీపై బొమ్మ, వేరొకచోట పెన్ను పట్టి వ్రాసిన మనిషి. ఎబొనైటు కడ్డీని లేతుపై తిప్పి చేసిన ఆ పెన్నులో సిరా గొట్టము, ఫిల్లరుతో పోయుట, బాగుచేయుట, అన్నియు మనకు తెలిసినవే, దోషమును అదియే. గోదావరి యొడ్డున బయలుదేరి నాలుగు గంటలలో విజయనగరము చేరు వస్తువునకు గౌరవమెట్లు వచ్చును? పెరటిచెట్టు మందుకు పనికిరాదు గదా. ఇట్టి గొట్టపు పెన్నుల స్వభావము విచిత్రము: సిరా నిండుగా నున్నంతసేపు మర్యాదగా నుండును, తగ్గినకొలఁది లోపలి గాలి పెరిగి, చేతి వేఁడికి వ్యాకోచించి, సరిగా అర్జీ క్రింద సంతకము పెట్టు వేళకు ఒక బొట్టు కక్కును. నిండుకుండ తొణకదను మాటకు ఇంతకంటె శాస్త్రీయమైన సాక్ష్యము నేను చూడలేదు. ఎబొనైటు వేఁడిని త్వరగా లోనికి పోనీయదు గనుక లోహపు పెన్ను కంటె కొంత ఓర్పు గలది. మే నెలలో శ్రీకాకుళపు బస్సు నిలయమున నిలిచినవానికి ఆ ఓర్పు విలువ తెలియును.

పెన్నునకు కాక సిరాకే పట్టాభిషేకమైన చోటు గెజిటెడు అధికారి బల్ల. అందు పెన్ను ఏదైనను సరియే, సిరా ఆకుపచ్చనిదై యుండవలెను. సర్టిఫికెట్ల నకళ్లు చేతఁబట్టి నిరుద్యోగులు వరండాలో పడిగాపులు గాచి, అయ్యగారి భోజనమైనదా, నిద్రయైనదా యని బంట్రోతును కనుసైగతో నడిగి, తుదకొక పచ్చని వంకరగీఁత సంపాదించి దేవుని ప్రసాదమువలె ఇంటికి తీసికొనిపోయిన కాలమున్నది. 2014లో ఎవరి కాగితమును వారే ధ్రువీకరించుకొనవచ్చునని కేంద్ర ప్రభుత్వము ప్రోత్సహింపఁగా, ఒక్క దెబ్బతో ఎన్నో సీసాల ఆకుపచ్చ సిరా సామాన్య ద్రవమైనది.

అందఱికంటె క్రిందిది బడిపిల్లవాని పెన్ను, రోజంతయు వ్రాయును గనుక. మూత పగిలి దారము చుట్టుకొని, క్లిప్పూడి, పాళీ వంగి, నాలుక క్రింద అట్టకట్టిన సిరాతో అది నోటుబుక్కులు నింపును. యజమాని చూపుడువ్రేలు, జేబు, నుదురు కూడ నీలముగా మార్చును. పరీక్ష నడుమ సిరా నిండుకొన్నచో ప్రక్కవాఁడు తన గొట్టము మూతి వంచి, ఇన్‌విజిలేటరు చూడకుండ, ఒకటి, రెండు, మూఁడు అని లెక్కించి చుక్కలు అప్పిచ్చును. పత్రము లేదు, వడ్డీ లేదు. ఎంత చెడ్డ బడిలోనైనను ఈ అప్పు ఎగవేసినవాఁడు లేఁడు. చుక్కల లెక్క తప్పకుండ, బ్రిల్ సిరాలో సగము కుళాయినీరు కలిపి తీర్చినవారు మాత్రమున్నారు. వారిలో పెక్కురకు తరువాతి కాలమున ఆకుపచ్చ సిరాతో సంతకము చేయు యోగ్యత పట్టినది.