సేసీద్దుం బావు

సాలూరులో లారీ షెడ్డున్న ప్రతి వీధికీ ఒక సేసీద్దుం బావు ఉంటాడు. అసలు పేరు ఆధార్ కార్డు మీద ఉంటుంది గానీ, దాంతో ఊరికి పనిపడదు. వయసు యాభై ఐదు దగ్గర ఆగి చాలాకాలమైంది. చొక్కా జేబులో టెస్టరు, చెవి సందున పెన్సిలు, భుజాన తువ్వాలు. గోళ్ళలోని గ్రీజు కూతురి కన్యాదానం నాడు కూడా వదల్లేదు. అతని ఎదుట ఎవరూ అనకూడని మాట ఒకటుంది: "ఇది మనవల్ల కాదు." ఎవరైనా అన్నారా, బీడీ ఆర్పి, స్టూలు ముందుకి జరిపి, "అదేటంత పెద్ద పనా? సేసీద్దుం" అంటాడు. ఆ క్షణం నుంచి వాళ్ళింట్లో మోటారున్న ప్రతి వస్తువుకీ గండమే.

ఈ ధైర్యం ఊరు పెట్టిన భిక్ష. విజయనగరం జిల్లాలో ఉన్నప్పుడూ, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారాకా సాలూరంటే లారీలే. వేగావతి ఒడ్డున, రాయపూర్ రోడ్డు ఒడిశా ఘాటెక్కబోయే ముందు, వరసగా బాడీ కట్టే షెడ్లు. కంపెనీ నుంచి వచ్చేది ఇంజను, చక్రాలు, రెండు ఇనప దూలాలు; అంతే. డ్రైవరు మొహానికి తువ్వాలు చుట్టుకుని, క్యాబిన్ లేని ఛాసిస్‌ని ఎండలో తోలుకొస్తాడు. కొన్ని వారాలకి అదే బండి చెక్క బాడీ, రేకులు, రంగులు, ముందు శ్యామలాంబ అమ్మవారి పేరు, వెనక ఒక వేదాంతం, బంపరుకి నిమ్మకాయలు కట్టించుకుని బయటికొస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి ఇది చూసినవాడికి దేవుడు కూడా లోకాన్ని ఛాసిస్ వరకే చేసి పంపాడనీ, మిగతాది మనమే బిగించుకోవాలనీ అనిపిస్తే తప్పులేదు.

మా వీధి బావు బిగించినవాటికి లెక్కలేదు. డ్రమ్ముతో కూలరు చేస్తే గదిలో చాపలు తేలాయి. కూతురు పుట్టినప్పుడు ఊయలకి లారీ వైపరు మోటారు పెట్టాడు. వైపరుకి రెండే వేగాలు: చినుక్కి ఒకటి, జడివానకి ఒకటి. పిల్ల ఏడిస్తే జడివాన నొక్కేవాడు. ఆ పిల్ల ఇంజినీరింగు చదివి, పెళ్ళి చేసుకుని అమెరికాలో మినసోటా రాష్ట్రంలో తేలింది. అంతదూరం ఆ ఊయల ఊపుకే వెళ్ళిందని వాళ్ళమ్మ ఇప్పటికీ నమ్ముతుంది.

మంచు గొడవ ఆ మినసోటా నుంచే వచ్చింది. నవంబరులో ఒక రాత్రి వీడియో కాల్లో అల్లుడు పెరడు చూపించాడు. కారు కడిగే ప్రెషరు పంపు, చిన్న కంప్రెసరు, రెండు నాజిళ్ళు ఒక స్టాండుకి బిగించి, ఆకాశం నుంచి మంచు పడకముందే పిల్లల కోసం సొంతంగా మంచు కురిపిస్తున్నాడు. పంచరైతే ఫోను తీసి మనిషిని పిలిచే అల్లుడు! బావు నోట మాట రాలేదు. అంతలో మనవడు ఫోను లాక్కుని, "తాతా, సంక్రాంతికి వస్తున్నాం కదా, మీ ఊళ్ళో స్నో ఉంటుందా?" అన్నాడు.

"మనూళ్ళో ఏటి నేదురా గుంటడా? నువ్వొచ్చీ. సేసీద్దుం."

బావు భార్య అత్తమ్మ పక్కనుంచి, "ఓలమ్మ, ఇదేటి సోద్యం" అంది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

నిజానికి ఈసారి న్యాయం బావు వైపే ఉంది. మంచు కురిపించే గన్ను పుట్టింది ఇలాంటి షెడ్డు సామాన్లతోనే. 1950 మార్చిలో, అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం మిల్ఫర్డులో వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ అనే ముగ్గురు దాన్ని మొదట చేశారు. వాళ్ళది మంచు మీద జారే స్కీలు తయారుచేసే చిన్న కంపెనీ. మంచు సరిగా పడక స్కీలు అమ్ముడుపోలేదు. రంగు కొట్టే కంప్రెసరు, ఒక నాజిలు, తోటకి నీళ్ళు పట్టే గొట్టం తీసుకుని కూర్చున్నారు. 1954లో దానికి పేటెంటు కూడా వచ్చింది. ఆ మూడు వస్తువులూ సాలూరులో ఏ పెయింటింగు షెడ్డులో లేవు? గాలి ఒత్తిడి కూడా కొత్తది కాదు, లారీ టైరులో కొట్టేంత ఉంటే చాలు. రోజూ వంద పౌండ్లు కొట్టేవాడికి అదొక లెక్కా?

బావు అదే రాత్రి కూర్చుని గన్ను కట్టాడు. సర్వీసింగు పంపు నుంచి నీళ్ళు, కంప్రెసరు నుంచి గాలి, రెంటినీ కలపడానికి టి-జాయింటు, కొసకి స్టవ్వు జెట్లు. వెల్డింగు ముచ్చటగా ఉంది. అందులో వంక పెట్టడానికి లేదు. మర్నాడు తెల్లవారుజామున, చలి బాగా ఉన్న వేళ, పెరట్లో నిలబెట్టి వాల్వు తిప్పాడు. బుస్సుమని తెల్లటి పొగ లేచింది. క్లీనరు కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పొగ గోడ దాటి పక్కింట్లోకి దిగింది. పక్కింట్లో రిటైరైన సైన్సు మాస్టారు ఉతికిన పంచె ఆరేసుకుని ఉన్నారు. తెల్లారి చూస్తే పంచె కావిరంగులో ఉంది. కంప్రెసరు గొట్టంలో మొన్న లారీ కింద కొట్టిన రెడాక్సైడు మిగిలిపోయిందని బావుకి అప్పుడు గుర్తొచ్చింది.

"మాస్టారూ, సన్నేసం పుచ్చుకున్నారేటి?" అని వీధిలో ఎవరో అడిగారట.

మాస్టారు మంచివారు. పంచె సంగతి వదిలేసి, వచ్చి విషయం చెప్పారు. గన్నులోంచి వచ్చే గాలి ఒక్కసారిగా విచ్చుకుని చల్లబడుతుంది. అందులో కొన్ని తుంపరలు గడ్డకట్టి గింజలవుతాయి. మిగతా నీటి తుంపర నేలకి దిగేలోగా ఆ గింజల్ని పట్టుకుని మంచవ్వాలి. అలా అవ్వాలంటే చుట్టూ ఉన్న గాలి గడ్డకట్టేంత చల్లగా ఉండాలి. మామూలు థర్మామీటరు చూపించే చలి కూడా లెక్కలోకి రాదు. బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూడాలి. గాలి పొడిగా ఉంటే తుంపరలో కొంత ఆవిరై మిగతాదాన్ని చల్లబరుస్తుంది. తేమగా ఉంటే ఆ సాయం కూడా ఉండదు.

"తడిగుడ్డ సంగతి మా అవ్వకి కూడా తెల్సండి, ఎండాకాలం కుండకి సుట్టీది. ఎంత సలి కావాలో అది సెప్పండి."

"మైనస్ రెండు."

"ఇప్పుడెంతుంది?"

మాస్టారు థర్మామీటరు తెచ్చి, గుడ్డ తడిపి చుట్టి చూశారు. "పదమూడు."

"అంటే పదిహేను డిగ్రీలు తక్కువ. తెచ్చీద్దుం."

సేసీద్దుం బావు జాతి లక్షణం ఇక్కడ తెలుస్తుంది. మనకి వాతావరణం అంటే ఆకాశం, ఋతువు, దైవసంకల్పం. అతనికి వాతావరణం స్టాకులో లేని ఒక స్పేరు పార్టు. విజయనగరంలో దొరక్కపోతే వైజాగులో దొరుకుతుంది. కొత్తది దొరక్కపోతే పాతది విప్పి తేవచ్చు.

హైదరాబాదులో ఇందిరా పార్కు పక్కన 2004 నుంచీ స్నో వరల్డ్ ఉందనీ, లోపల సున్నాకి అయిదు డిగ్రీలు తక్కువ పెట్టి మంచు పరుస్తారనీ, పిల్లాణ్ణి అక్కడికి తీసుకెళ్తే సరిపోతుందనీ మాస్టారు సలహా ఇచ్చారు. బావు మొహం చిట్లించాడు. "అది గదికి ఏసీ పెట్టీడవండి. పెరట్లో పడాల. సైనావోడు సేసినాడు కదా?" అన్నాడు. ఆ మాట నిజమే. 2022లో బీజింగులో జరిగిన శీతాకాలపు ఒలింపిక్సు దాదాపు మొత్తం యంత్రాల మంచు మీదే నడిచాయి. కాకపోతే అక్కడ చలి ముందే ఉంది, నీళ్ళూ మిషన్లూ తెచ్చుకున్నారు. బావు దగ్గర నీళ్ళూ మిషన్లూ ఉన్నాయి.

కనెక్టికట్‌లోనే మోహాక్ మౌంటెన్ అనే స్కీ కేంద్రం యజమాని, ఈ గన్ను పుట్టకముందు, మంచు పడలేదని వందల టన్నుల ఐసు లారీల్లో తెప్పించి, పొడికొట్టించి కొండ మీద పరిపించాడని మాస్టారు నోరుజారి చెప్పేశారు. 'లారీల్లో' అన్న మాట దగ్గర బావు లేచి నిలబడ్డాడు. సాయంత్రానికి చేపల వ్యాపారి దగ్గర్నుంచి ఐసు దిమ్మలూ, వాటిని పిండికొట్టే మిషనూ పెరట్లో ఉన్నాయి. మంచు బాగానే వచ్చింది. తెల్లగా, గుప్పిట పడితే ఉండ కట్టేలా ఉంది. మిషను మాత్రం చేపలదే. వీధిలో పిల్లులన్నీ రాత్రంతా పెరట్లోనే కూర్చున్నాయి. అత్తమ్మ ఆ పెరట్లో ముగ్గు పెట్టడానికి వారం రోజులు ఒప్పుకోలేదు.

చలి మన దగ్గరికి రాకపోతే మనమే చలి దగ్గరికి వెళ్దామన్నది తరువాతి ఆలోచన. ఈ ఆలోచన లారీ ఉన్నవాడికే వస్తుంది. జనరేటరు, కంప్రెసరు, నీళ్ళ ట్యాంకు, గన్ను, మాస్టారు, మాస్టారి థర్మామీటరు, అన్నీ లారీకెక్కాయి. పాచిపెంట మండలంలో పి.కోనవలస దగ్గర ఘాటెక్కి, సుంకి మీదుగా పొట్టంగి దాటి, దేవమాలి కొండ వైపు తిరిగారు. ఒడిశా మొత్తానికి అదే ఎత్తయిన శిఖరం, 1672 మీటర్లు. అర్ధరాత్రి దాటాక అక్కడ తడిగుడ్డ థర్మామీటరు ఏడు చూపించింది. బావు వాల్వు తిప్పాడు. లారీ హెడ్‌లైట్ల వెలుగులో తుంపర పొగలా లేచి, మంచులా వంకర్లు పోయి, నీళ్ళలా పడింది. చలికి టెంట్లలో ముడుచుకున్న కుర్రకారు లేచొచ్చి సెల్ఫీలు దిగారు. సినిమా షూటింగనుకుని హీరోయిన్ ఎక్కడని అడిగారు.

మాస్టారు వణుకుతూ, "ఇంకెందుకయ్యా, దిగిపోదాం" అన్నారు.

"అదేటండి? పదిహేనులో ఆరు తీర్సీసినాం. తొమ్మిదే బాకీ."

ఫైనాన్సులో లారీలు తీసినవాడికి బాకీ భయపెట్టదు. కానీ మాస్టారు జలుబుతో మంచం పట్టారు. అడ్డు చెప్పే మనిషి లేని ఆ కొద్ది రోజుల్లోనే సోడా సిలిండరు ప్రయోగం జరిగింది.

ఇది మాత్రం కాస్త జాగ్రత్తగా చెప్పాలి. సోడాలో కలిపే గ్యాసు సిలిండరులో ద్రవంగా ఉంటుంది. మామూలుగా వాల్వు తిప్పితే గ్యాసే వస్తుంది. తలకిందులు చేసి తిప్పితే ద్రవం బయటికొచ్చి, అక్కడికక్కడే తెల్లటి పొడిగా మారుతుంది. దాని చలి సున్నాకి డెబ్భై ఎనిమిది డిగ్రీలు కింద. బావు సిలిండరు తిరగేసి, మూతికి గోనెసంచి కట్టి, తిప్పాడు. సంచిలో మంచు! నిజమైన, పొడిపొడిగా రాలే, మినసోటా కూడా ఓడిపోయే మంచు. ఆనందం పట్టలేక పిడికిట పట్టాడు. చూపుడువేలికి బొబ్బ లేచింది. అరచేతిలోది కరగకుండానే, తడి కూడా మిగల్చకుండా గాలిలో కలిసిపోయింది. అయినా బావుకి విచారం లేదు. ఆ వేలికి కట్టు కట్టించుకుని, కలిసినవాళ్ళందరికీ చూపిస్తూ ఊరంతా తిరిగాడు. సాలూరులో మంచుకి కాలిన మొదటి వేలు తనదే అని అతని లెక్క. నాకు తెలిసినంతలో ఆ లెక్కని కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

భోగికి ముందు రోజు కూతురు, అల్లుడు, మనవడు, ఆర్నెల్ల మనవరాలు దిగారు. మర్నాడు తెల్లారేసరికి పెరడంతా తెల్లగా ఉంది. తులసికోట, నీళ్ళ తొట్టి, పాత టైరు, అన్నిటి మీదా నురగలా మెత్తటి మంచు. మనవడు కేకేసి పరిగెత్తాడు. అత్తమ్మ చెంబు కింద పడేసింది. వీధిలో మేమందరం గోడెక్కి చూశాం. అల్లుడైతే నిజంగా తెల్లబోయాడు.

మనవడు గుప్పెడు తీసి పట్టుకున్నాడు. "తాతా, స్నో చల్లగా ఉంటుంది కదా?"

"ఇది ఇండియా మోడలురా. పిల్లలకి జలుబు సేయదు."

అప్పుడు లోపల్నుంచి కూతురి గొంతు వినిపించింది: "నాన్నా, చంటిదాని డైపర్ల పెట్టె ఏదీ?"

డైపరు లోపలి దూదిలో ఉండే తెల్లటి పొడి తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్ళు తాగి మంచులా ఉబ్బుతుంది. దుకాణాల్లో పొట్లాల్లో అమ్మే ఉత్తుత్తి మంచు కూడా దాదాపు ఇదే. ఆ సంగతి బావుకి ఎవరు చెప్పారో మాస్టారు మాత్రం ఇంతవరకూ ఒప్పుకోలేదు. అమెరికా నుంచి నెలకి సరిపడా తెచ్చుకున్న డైపర్లు ఒక్క రాత్రిలో తులసికోట మీద ఉన్నాయి. ఇదంత తప్పేమీ కాదు. ఒకప్పుడు సినిమాల కోసం హాలీవుడ్డువాళ్ళు ఆస్బెస్టాస్‌ని మంచుగా కురిపించారు. పాత లారీల బ్రేకు లైనింగులో వాడిన సరుకే అది, ఊపిరితిత్తులు పాడుచేస్తుంది. వాళ్ళతో పోలిస్తే బావు మంచు ఎంతో శ్రేష్ఠం.

బావు గన్ను ఇప్పుడు షెడ్డులో లారీలు కడుగుతోంది. ఆ తుంపరకి ఇంజను అడుగున బురద కూడా ఆగదు, పక్క షెడ్లవాళ్ళు మాకూ ఒకటి చేసిపెట్టమని అడుగుతున్నారు. నా లెక్కలో ప్రయోగం ఫెయిలు కాలేదు, సాలూరు వాతావరణం ఫెయిలైంది.

మీ వీధిలోనూ ఒక సేసీద్దుం బావు ఉండే ఉంటాడు. అతనొచ్చి కంప్రెసరు అడిగితే ఇవ్వండి, గొట్టం కడిగి ఇవ్వండి. లారీ అడిగితే ఇవ్వండి, వీలైతే మీరూ ఎక్కండి. సోడా సిలిండరు మాత్రం కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వకండి. ఆ గ్యాసు తలుపులు మూసిన గదిలో ఊపిరి ఆడనివ్వదు, ప్రాణం తీస్తుంది. ఇంట్లో చంటిపిల్లలుంటే డైపర్ల పెట్టె బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.