ఆఖరి అవకాశము: టీకా తాత్పర్య సహితము

మూలము:
"సదరు వ్యాజ్యము ప్రతివాది జవాబుదావా నిమిత్తము ఆఖరి అవకాశముగా 14వ తేదీకి వాయిదా వేయడమైనది."

అవతారిక: ఈ ఏకవాక్య కావ్యానికి కర్త ఎవరో తెలియదు. మా వకీలుగారి గుమాస్తా కాగితం చూడకుండానే అప్పజెప్పాడు గనక, వేదంలా నోటినుంచి నోటికి వస్తున్నదని ఊహించాలి. కోర్టు ఏ ఊరిదో చెప్పను. తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కాను, దిగాల్సినచోట దిగాను. తగాదా గట్టు గురించి. కొల్లేటి వైపు మా తాతగారి నాటి ఎకరంన్నర ఉంది. పక్కాయన చేపల చెరువు గట్టు ఏడాదికో మూర చొప్పున మా చేలోకి నడిచి వస్తోంది. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకు సివిలు దావా ఉండి ఉండదు. నేనా ఒట్టు పెట్టుకోను.

ప్రతిపదార్థం: సదరు, వ్యాజ్యము, ప్రతివాది తేలిక మాటలు, పాఠకులే చూసుకోగలరు. జవాబుదావా = ఇంకా రానిది. నిమిత్తము = కారణం; శకునం అని కూడా నిఘంటువు. బయల్దేరేటప్పుడు బల్లి పలికింది, కాబట్టి ఇక్కడ రెండర్థాలూ పొసగుతాయి.

వాయిదా: ఈ మాట దగ్గర కాస్త కూర్చుందాం. కోర్టు వరండాలో బల్ల మీద ఎలాగూ కూర్చున్నాం. దీని అరబీ మూలానికి అర్థం వాగ్దానం, ఇచ్చిన మాట. నవాబుల కచేరీల్లోంచి మన నోటికి వచ్చి, మాట దాటవేయడానికి పేరైంది. దీని చుట్టాలూ ఇలాంటివే. ముద్దాయి అంటే మూలభాషలో దావా తెచ్చినవాడు, అచ్చంగా మన 'వాది'. తెలుగులో మాత్రం నేరం మోపబడినవాడు. మొరపెట్టుకోవడానికి వచ్చినవాడు ఏళ్ళ తరబడి ఆ బల్ల మీద కూర్చుంటే చివరికి నేరస్థుడిలా కనబడతాడని భాష ముందే కనిపెట్టింది. మునసబు మాట పుట్టిన ధాతువులో 'సగం' ఉంది. చెరిసగం చేసి న్యాయం చెప్పేవాడని భావం. అమీనా అంటే నమ్మదగినవాడు. ఇక్కడ వ్యాఖ్య చేయను, సమను ఎవరు పట్టుకొస్తారో తెలిసినవాళ్ళు తలపోసుకోగలరు.

అరబీ వదిలి మన శాస్త్రానికి వస్తే, దావాకు అక్కడ పేరు వ్యవహారం. వి అంటే నానావిధాలైన, అవ అంటే సందేహాలను, హార అంటే హరించేది అని కాత్యాయనుడి వ్యుత్పత్తి. యాజ్ఞవల్క్యుడి ప్రకారం దీనికి నాలుగు పాదాలు: భాష, ఉత్తరం, క్రియ, సాధ్యసిద్ధి. మొర, జవాబు, సాక్ష్యం, తీర్పు అన్నమాట. యాజ్ఞవల్క్యుడి స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగువాడికి ధర్మశాస్త్రం తెలుగులో చెప్పాలన్న బుద్ధి అప్పటికే పుట్టింది. మా దావాకు మొదటి పాదం మాత్రమే నేల మీద ఆనింది. ఒంటికాలి మీద తపస్సు చేస్తోంది.

ఇంకో ముచ్చట. దొంగతనం, దౌర్జన్యం, ఆవు తగాదా లాంటి వాటిలో జవాబు అప్పటికప్పుడే చెప్పించాలి, మిగతా వాటిలో గడువు ఇచ్ఛను బట్టి అన్నాడు యాజ్ఞవల్క్యుడు. ఎవరి ఇచ్ఛ? వ్యాఖ్యాతలు ఏమన్నా సరే, పక్కాయన ఇచ్ఛ అని నాకు అనుభవం మీద తేలింది. మాది గట్టు తగాదా కాకుండా ఆవు తగాదా అయినా బాగుండేది.

అవకాశము: 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 8వ ఆర్డరు ప్రకారం జవాబుదావాకు 30 రోజులు, కారణాలు రాసి 90 దాకా పొడిగించవచ్చు. ఇది విధియా, అర్థవాదమా అని మీమాంస. మీమాంసకుల మతంలో విధి చేసి తీరవలసింది, అర్థవాదం ఉత్త పొగడ్త. సలేం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు 2005లో ఆ 90 దాటినా తలుపు పూర్తిగా మూసుకోదంది. అసాధారణ సందర్భాల్లో మాత్రమే సుమా అని కూడా అంది. కింది కోర్టుల్లో ఆ రెండో వాక్యం ఎవరికీ కంఠతా రాలేదు. మాకు 90 దాటి చాలా కాలమైంది.

ఆఖరి: ఈ విశేషణాన్ని ఇదే దావాలో నేను వినడం నాలుగోసారి. పక్కన కొల్లేటి లంక ఊరినుంచి వచ్చిన ఒకావిడ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెరువు లీజు డబ్బుల గొడవట, పెద్దింట్లమ్మకు మొక్కుకుని వచ్చిందట. నా వాక్యం విని అడిగింది: "ఆఖరంటే ఎన్నోదండీ బాబుగారూ?" ఏ నిఘంటువూ పనికిరాలేదు. ఆవిడకు ఆ రోజు కూలి పోయింది. ఆ మధ్యాహ్నం ఆవిడ దావా కూడా పిలవలేదు.

వేయడమైనది: వేసిందెవరు? కర్త లేదు. తెలుగులో కర్మణి ప్రయోగం అరుదని చిన్నయసూరి ఏనాడో చెప్పాడు. ఆయన కోర్టు కాగితాలు చూడలేదేమో.

అన్వయం: కొల్లేట్లోకి బుడమేరు వస్తుంది, తమ్మిలేరు వస్తుంది, లెక్కలేనన్ని డ్రెయిన్లు వస్తాయి, సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే. దావాల సంగతీ అంతే అని సరిపెట్టుకుందామనుకున్నాను. కానీ అదే కొల్లేట్లో 2006లో, సుప్రీంకోర్టు మాట మీద, చేపల చెరువుల గట్లు పేలుడు మందు పెట్టి మరీ పడగొట్టారు. తలుచుకుంటే గట్టు కదులుతుంది. నేను అడిగింది మూరల లెక్కే.

తాత్పర్యం: జవాబుదావా తయారు కాలేదన్న సంగతి ముందురోజు సాయంత్రానికే అవతలి గుమాస్తాకు తెలుసు, మా గుమాస్తాకూ తెలుసు. అయ్యా గుమాస్తాలూ, ఆ సాయంత్రం ఒక్క ఫోను చేయండి. నాకు కాకపోయినా సరే, ఆ లంక ఊరి ఆవిడకు చేయండి.