ఎనిమిది గంటల్లో దోహా

అమెరికా నుంచి అబ్బాయి ఫోన్ చేస్తాడు. "నాన్నా, టికెట్లు అయిపోయాయి. దోహాలో ఎనిమిది గంటలు ఆగాలి. రెండు గంటల్లో పంపేసే ఫ్లయిటుకన్నా బాగా చవక. పైగా ఊరు కూడా చూడొచ్చు." ఇందులో ఆదా అయిన డబ్బు కొడుకుది, ఎనిమిది గంటలు తండ్రివి. ఊరు చూడొచ్చన్నది మాత్రం ఆ లెక్క పైకి కనబడకుండా అద్దిన అత్తరు.

మర్నాటికి వాట్సాప్‌లో ఎక్సెల్ షీట్ దిగుతుంది. ఏ గంటకు ఎక్కడుండాలో, ఏది చూడకపోతే జన్మ వృథాయో అందులో రంగులు వేసి ఉంటుంది. ఊరికే కూర్చోవడం నేరమైన కాలమిది. ముప్పై ఏళ్ళు ఇరిగేషన్ ఆఫీసులో కూర్చుని రిటైరైన మనిషికి కూడా లేఓవర్‌ని ఎలా సద్వినియోగం చేసుకోవాలో వీడియోలు చూసి నేర్పుతున్నారు.

షీట్‌కి మొదటి దెబ్బ వీల్‌చెయిర్ రూపంలో తగులుతుంది. పోయిన నెలే అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్ళొచ్చిన అమ్మగారికి శంషాబాద్ చేరేసరికి మోకాళ్ళు పట్టేస్తాయి. నొప్పి మోకాళ్ళలో కాదు, ఇంగ్లిషులో. ఎవరైనా ఏదైనా అడిగితే తోసుకెళ్ళే కుర్రాడే చూసుకుంటాడని ధైర్యం. ఆ కుర్రాడు దోహాలో తీసుకెళ్ళి వీల్‌చెయిర్లన్నీ ఆపే చోట ఆపేసి మాయమవుతాడు. అక్కడ కాసేపట్లో పక్కా రచ్చబండ వెలుస్తుంది. "మీదే స్టేటండీ?" "డాలస్." "మీ పాపకి ఎన్నో నెల?" ఇద్దరు వియ్యంకులు అక్కడికక్కడే తయారైనా ఆశ్చర్యం లేదు. పెరుగన్నం ఘనపదార్థమా ద్రవమా అని స్కానర్ దగ్గర జరిగిన వాదం ఇక్కడ మళ్ళీ విచారణకొస్తుంది.

నడవగలిగిన మగాళ్ళు ఎలుగుబంటి దర్శనానికి బయల్దేరతారు. 2014లో మొదలైన హమద్ విమానాశ్రయానికి అదే ధ్వజస్తంభం. 23 అడుగుల పసుపుపచ్చటి టెడ్డీబేర్, దాని వీపులోంచి లేచిన టేబుల్ ల్యాంపు. చూడ్డానికి దూది బొమ్మలా ఉంటుంది గానీ కంచు. ఉర్స్ ఫిషర్ అనే స్విస్ కళాకారుడి పని. 2011లో న్యూయార్క్ వేలంలో 68 లక్షల డాలర్లు పలికింది. "అంత పోసి కొన్నదాన్ని కాస్త మెడ నిలబెట్టి కూర్చోబెట్టలేకపోయారా?" అన్న సందేహం మనవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు. దాని ముందు నిలబడి ఫోటో దిగి, 'దోహాలో' అని స్టేటస్ పెట్టేస్తే సగం పని అయినట్టే. ఊళ్ళో కాలు పెట్టకుండానే ఊరు చూసినట్టు సాక్ష్యం దొరుకుతుంది. మిగతా సగానికి 2022లో టెర్మినల్ లోపలే వేసిన తోట ఉంది. మూడు వందలకు పైగా చెట్లు. మనం ఎయిర్‌పోర్టు రోడ్డు కోసం చెట్లు కొడతాం, వాళ్ళు ఎడారిలో ఎయిర్‌పోర్టు లోపల పెంచారు. ఈ పోలిక ఎవరి దగ్గరా అనకండి, రోడ్ల శాఖ నొచ్చుకుంటుంది.

అయినా షీట్‌నే నమ్ముకుని బయటికెళ్తానంటే లెక్క చెబుతాను. ఎనిమిది గంటల్లో విమానం దిగి, నడిచి, ఇమ్మిగ్రేషన్ దాటడానికి ఒక గంట. వెనక్కి మూడు గంటల ముందే రావాలి, అమెరికా ఫ్లయిటుకి గేటు దగ్గర తనిఖీ ఇంకోసారి ఉంటుంది. మెట్రో ఎక్కి, ముషైరెబ్‌లో లైను మారి, సూక్ వాకిఫ్ చేరి, అదే దారిన తిరిగి రావడానికి ఇంకో గంట. చేతిలో మిగిలేవి మూడు. ఆ మూడు గంటల విహారానికి కూడా వీసా నిబంధనలు చదువుకోవాలి. భారతీయులను ముందస్తు వీసా లేకుండా రానిచ్చినా హోటల్ బుకింగ్ చూపించమంటారు.

సూక్‌లో డేగల బజారు ఉంది. డేగలకు ఆసుపత్రి కూడా ఉంది. మన మండల కేంద్రంలో మనుషుల ఆసుపత్రిని గుర్తు చేసుకుంటూ అక్కడ కొంత కాలక్షేపం చేయొచ్చు. ఆ తర్వాత ఇస్లామిక్ కళా మ్యూజియం. చుట్టూ రేపేం మేడలు లేచి తన పనిని కప్పేస్తాయోనని దాన్ని గీసిన ఐ.ఎం. పే సముద్రంలో విడిగా దీవి వేయించుకున్నాడు. 2008లో తెరిచారు. అబ్బాయి షీట్ దీనికి ఇరవై అయిదు నిమిషాలు మంజూరు చేసింది. పద్నాలుగు వందల ఏళ్ళ కళ, అంటే నిమిషానికి యాభై ఆరేళ్ళ చొప్పున చూసేయాలి. ఒక్కసారి తుమ్మితే ఒక రాజ్యం పోతుంది.

అసలు దోహా గురించి అడగదగ్గ మనిషి విమానంలో పక్కసీట్లోనే కూర్చుని వచ్చాడు. జగిత్యాల కుర్రాడు, ఒళ్ళో కాగితాల ప్లాస్టిక్ ఫైలు. మన రిటైర్డ్ ఇంజనీరుగారు షీట్ విప్పి, అడిగారు కూడా.

"దోహాలో చూడదగ్గవేంటి బాబూ?"

"స్టేడియంలున్నయ్ సార్. ఒకదాంట్ల నేను పన్జేసిన."

"అయితే వరల్డ్ కప్ మ్యాచులు చూసే ఉంటావే!"

"సూసిన సార్. క్యాంపుల, టీవీల."

స్టేడియం షీట్‌లో లేదు కాబట్టి ఇంజనీరుగారు కళ్ళజోడు తీసి నిద్రపోయారు. దిగాక బోర్డు దగ్గర విమానం రెండుగా చీలింది. డాలస్‌వాళ్ళు ట్రాన్స్‌ఫర్స్ వైపు, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్లవాళ్ళు అరైవల్స్ వైపు. ఆ అరైవల్స్‌వాళ్ళు ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళో ఉన్నా వాళ్ళకి ఎవరూ ఎక్సెల్ షీట్ పంపరు. సెలవు దొరికేది శుక్రవారం. దోహా మాల్స్‌లో చాలాకాలం శుక్రవారాలు కుటుంబాలకే ప్రవేశం. కుటుంబం జగిత్యాలలో ఉంటే ఆ తప్పు మాల్‌ది కాదు కదా.

ఆర్నెల్ల తర్వాత కూకట్‌పల్లి వాకర్స్ క్లబ్బులో దోహా మీద అధికారికంగా మాట్లాడగలిగింది ఇంజనీరుగారొక్కరే. ఊరు అద్దంలా ఉంటుందన్నారు, ఎలుగుబంటి ఖరీదు చెప్పారు, ట్రాఫిక్‌లో క్రమశిక్షణ మనకెప్పుడొస్తుందో అని నిట్టూర్చారు. ఎవరో అడిగారు, అక్కడ మన తెలుగువాళ్ళుంటారాండీ అని.

"అబ్బో, ఎక్కడ చూసినా మనవాళ్ళే. అందరూ డాలస్‌కే!"