కాస్త రాగం పెట్టండయ్యా

నేను వినేది టెక్నో కాదట. మా మేనల్లుడు తేల్చేశాడు. బెంగళూరు నుంచి సెలవుకి వచ్చి, నా హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాసేపు విని, "మావయ్యా, మన లిఫ్టు తలుపు సరిగ్గా వేయకపోతే వస్తుందే, ఆ పాటలా ఉంది" అన్నాడు. వాడు బస్సెక్కి వెళ్ళిపోయాడు గానీ ఆ మాట వెళ్ళలేదు. పళ్ళు తోముకుంటున్నా అదే, లిఫ్టెక్కుతున్నా అదే.

వాడి టెక్నో మీరెరిగిందే. నిమిషానికి 150 దరువులు. మధ్యలో అంతా ఆగుతుంది, హమ్మయ్య అనుకుంటాం, అంతలోనే రెట్టింపు కసితో మళ్ళీ మొదలు.

నాకు కాస్త తడి ఉండాలి. ఉదాహరణకి 1987లో డెట్రాయిట్ కుర్రాడు డెరిక్ మే చేసిన "స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్". ముందు పియానో. దానిమీద వయొలిన్లు తెగితెగి పడుతుంటాయి. అవీ నిజం వయొలిన్లు కావు, యంత్రం నోట పలికించినవే. అయినా ఒళ్ళు జలదరిస్తుంది. అందులో బేస్ లైనన్నదే లేదు! టెక్నోకి పురుడు పోసిన ముగ్గురిలో ఒకడు బేస్ లేకుండా నెగ్గుకొచ్చాడు. మా వాడి కారు డిక్కీలో బేస్ పెట్టె ఒక్కటే పడుతుంది, సూట్‌కేసులు మన ఒళ్ళో.

మా వాడి లెక్కలో రాగం పెడితే టెక్నో చెడుతుందట! చరణ్‌జిత్ సింగ్ పేరు విన్నారా? బొంబాయిలో హిందీ సినిమాలకి వాయించిన మనిషి. 1982లో మూడు రోలాండ్ యంత్రాలు ముందేసుకుని పది రాగాలు డిస్కో దరువు మీద వాయించి రికార్డు చేశాడు. ఆ మూడింట్లో 303 అనే పెట్టె ఒకటి. పక్కన బేస్ వాయించే తోడు దొరకని గిటారు వాళ్ళ కోసం చేశారు దాన్ని, వాళ్ళే దాన్ని ముట్టుకోలేదు. ఈయన దానిచేత భైరవ్ పలికించాడు. భైరవ్ అంటే ఎవరో కాదండీ, స్వరాలు చూస్తే మన మాయామాళవగౌళే. పిల్లలు సరళీస్వరాలు నేర్చుకునే రాగం. నా చిన్నప్పటి సంగీతం మాస్టారు తొడమీద తాళం వేయిస్తూ, తప్పినప్పుడల్లా ఆ తొడమీదే వడ్డించేవారు. ఆయన చేతికి 303 ఇచ్చుంటే నేనింకా సంగీతంలోనే ఉండేవాణ్ణి. అదే రికార్డులో మాల్‌కౌంస్ ఉంది, మన హిందోళం. భూపాలీ ఉంది, మన మోహనం. యమన్ ఉంది, మన కల్యాణి. అప్పట్లో పెద్దగా కొన్నవాళ్ళు లేరు. అయిదేళ్ళ తరువాత అదే 303తో షికాగో వాళ్ళు డాన్సు పాటలు కట్టి యాసిడ్ హౌస్ అన్నారు, లోకం ఊగిపోయింది. 2010లో ఈయన రికార్డు మళ్ళీ బయటికొస్తే తెల్లవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. 2015లో ఆయన పోయారు. ఇంతకీ నేను చెబుతున్నది లిఫ్టు సంగతి కదూ.

ఆ రోజు నేనూ ఊరుకోలేదు. "అంత వేగం ఎందుకురా, ఎవరు తరుముతున్నారు?" అన్నాను. వాడు నవ్వలేదు. "అమెరికా టైముకి పని మావయ్యా. తెల్లవారుజామున మూడింటికి 150 లేకపోతే స్క్రీను ముందే నిద్రపోతాను" అన్నాడు. నాకు ఏమనాలో తోచలేదు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న ఊళ్ళో కూర్చుని ఆ డెట్రాయిట్ కుర్రాళ్ళు యంత్రానికి పాట నేర్పారు. మా వాణ్ణి యంత్రం మేలుకోబెడుతోంది. వాడి కళ్ళ కింద నలుపు నేను అప్పుడే చూశాను.

అలాగని 150 దరువులూ క్షమించేశానని కాదు. మాఘంలో వాడి పెళ్ళి. డీజేని వాడే మాట్లాడుకున్నాడు, పెద్దవాళ్ళనెవర్నీ అడగలేదు. పెళ్ళికి వచ్చేవాళ్ళు దయచేసి భోజనాల వేళకైనా వేగం 120కి దించి, కాస్త రాగమున్నది వేయమని ఆ డీజే చెవిన వేయండి. నేను చెప్పానని మాత్రం చెప్పకండి.