ఇటలీ కాక

ముడిమ్యాలలో వాన మొదలైతే జనం ఇళ్ళలోకి పోతారు. ఇటలీ కాక మాత్రం చాయ్ హోటల్‌కు వస్తాడు. "ఇదేం వాన? బెర్గామోల చూడాలె వాన!"

మిలాన్‌లో చదివిన కొడుకు పట్టా తీసుకుంటుంటే చూద్దామని పోయిన కాక, ఒకరోజు రైలెక్కి బెర్గామో పోయొచ్చాడు. మిలాన్ నుంచి గంట ప్రయాణం. కాక నోట అది కాశీయాత్రకంటే పొడుగు. పాత ఊరు గుట్ట మీద ఉంటుంది. చుట్టూ వెనిస్ పాలకులు 1561లో మొదలుపెట్టి కట్టించిన గోడ, ఆరు కిలోమీటర్లు. గుట్టెక్కడానికి తాడుతో లాగే రైలుపెట్టె, 1887 నాటిది. ఇవన్నీ నిజమే. కాక చూశాడా అన్నదే అనుమానం. ఆ రోజంతా ఒకటే ముసురు. చిన్నమ్మ చెప్పేదాన్నిబట్టి ఆయన చూసింది గొడుగు లోపలి ఊచలు, ముందు నడిచే కొడుకు మడమలు. ఫోటోల సాక్ష్యమూ అదే: నిండా తెల్లటి మంచు, మూలకు కాక మంకీ క్యాప్.

మధ్యాహ్నం పొలెంటా తిన్నాడట. దాని రుచి ఊరంతా విన్నది. మక్కపిండి ఉడకబెట్టి చేస్తారని తెలిశాక మా నాయనమ్మ ఊరుకుంటుందా?

"గట్కనే గదరా?"

"గట్క గాదు పెద్దమ్మా, పొలెంటా. యూరోలు వెట్టి తిన్న."

"గట్కకు పైసలిచ్చినవా!"

కాక రెండు రోజులు మా ఇంటివైపు రాలేదు.

పోయిన వానాకాలం మేమంతా వికారాబాద్‌లో రైలెక్కి బీదర్ బయల్దేరాం. కాకను తీసుకుపోవడం మా ధైర్యం. ఆయన ప్లాట్‌ఫాం మీద టికెట్‌కు ముద్రకొట్టే మిషన్ కోసం వెతికాడు. అక్కడ కొట్టకుండా ఎక్కితే జరిమానా అట. మన రైలేమో ఎంతకూ రాదు. "ఇటలీల రైలు నిమిషం లేటు గాదు" అని చెప్పిందే చెప్పాడు.

బీదర్‌లోనూ వానే. మహమూద్ గవాన్ మదరసా 1472 నాటిది. బెర్గామోలో కొలెయోని ప్రార్థనామందిరం కట్టడం మొదలైందీ ఆ ఏడే. మీనారు మీద పాత రంగుపలకలు ఇంకా కొన్ని మిగిలి, తడిసి మెరుస్తున్నాయి. మేం నోరు తెరిచి చూస్తుంటే, కాక దానికి వీపు పెట్టి నిలబడి కొలెయోని గురించి చెప్పాడు. నాకు మదరసా కంటే ఆ వీపే ఎక్కువ గుర్తుంది.

చౌబారా బురుజు మీది గడియారం కంటపడగానే మళ్ళీ అందుకున్నాడు.

"బెర్గామోల రాత్రి పదింటికి బురుజు మీద నూరు గంటలు గొడతరు. ఎన్కట కోట తలుపులు మూసేటప్పుడు గొట్టేటోళ్ళు, ఇప్పటికీ ఇడవలే. నా చెవులతోని విన్న."

మా తమ్ముడు లెక్కల్లో గట్టివాడు.

"ఆరింటి రైలుకే వాపస్ అయినమంటివి గదా కాకా?"

కాక గొడుగు దించి, నీళ్ళు దులిపి, మళ్ళీ ఎత్తాడు.

"ఆ దినం రైలు లేటైంది."