వాసన వచ్చేవన్నీ పెట్టెలోకి

ధడేల్!

యోసెమిటీ నేషనల్ పార్కు నుంచి వచ్చి వారం దాటింది. ఇంట్లో ఎవరైనా ఫ్రిజ్ తలుపు వేస్తే ఇప్పటికీ నా భుజాలు వాటంతటవే పైకి లేస్తున్నాయి. ఆఫీసులో పక్కాయన సొరుగు గట్టిగా మూశాడని నేను వెనక్కి తిరిగి చూసిన చూపుకి, పాపం, ఆయన మర్నాటి నుంచి వేరే వరుసలో కూర్చుంటున్నాడు. అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళందరూ హాఫ్ డోమ్ కొండ గురించీ, జలపాతాల గురించీ చెబుతారు. నేను మాత్రం ఒక ఇనప పెట్టె తలుపు గురించి చెబుతున్నాను. వినేవాళ్ళు నెమ్మదిగా లేచి వెళ్ళిపోతున్నారు.

అప్పర్ పైన్స్‌ క్యాంపుగ్రౌండులో ఒక్క రాత్రి పడుకున్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. బేర్ లాకర్. 45 అంగుళాల వెడల్పు, 33 అంగుళాల లోతు, 18 అంగుళాల ఎత్తు. తిండి ఎలుగుబంటి పాలు కాకుండా దాచుకోడానికి సైటుకొకటి పాతిపెట్టారు. దాన్ని తయారుచేసిన ఇంజినీరు ఎలుగుబంటి గురించి క్షుణ్ణంగా ఆలోచించాడు. దాని పంజా ఎంత, బలం ఎంత, బుర్ర ఎంత, అన్నీ. మనిషి నిద్ర గురించి మాత్రం ఆ మహానుభావుడు అర నిమిషం కేటాయించలేదు. మెల్లగా వేస్తే ఆ గడియ పడదు. బతిమాలుతూ వేస్తే సగం పడి, పూర్తిగా పడ్డట్టు నటిస్తుంది. చివరికి ఎంత మర్యాదస్తుడైనా విసుగెత్తి ఒక్క తోపు తోస్తాడు. లోయంతా మోగుతుంది.

అక్కడ సైట్లు 230కి పైగా ఉన్నాయి. సైటుకి ఆరుగురిదాకా ఉండొచ్చు. ఆరుగురికీ ఒకేసారి ఆకలి వేయదు కదా. లెక్క మీరు వేసుకోండి. నేను టెంటులో వెల్లకిలా పడుకుని రాత్రంతా వేశాను. పది నుంచి ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలని బోర్డు ఉంది. సరిగ్గా పదికి రెండు నిమిషాల ముందు క్యాంపుగ్రౌండు మొత్తానికి పాలు బల్ల మీదే ఉన్నాయని గుర్తొస్తుంది.

ఈ భాగ్యం కోసం ఎంత పోటీయో కూడా మీకు తెలిసిందే. ఐదు నెలల ముందు, పదిహేనో తారీఖున, పొద్దున్న ఏడింటికి బుకింగు తెరుస్తారు. జూన్ పదిహేను తర్వాత వెళ్ళాలంటే జనవరి పదిహేనున నొక్కాలి. అంటే మాలాంటి ఫ్రీమాంట్ తెలుగువాడికి సంక్రాంతి పూట తలంటు లేదు, గారెలు లేవు; మూడు లాప్‌టాప్‌ల ముందు ముగ్గురు కూర్చోవడమే. నాలుగో లాప్‌టాప్ హైదరాబాదులో మా బావమరిదిది. వాడికప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. పండగ భోజనం మధ్యలో ఎడం చేత్తో నొక్కాడు. దొరికిన ఆ ఒక్క సైటూ వాడికే దొరికింది. ఆ సంగతి వాడు మమ్మల్ని ఈ జన్మకి మర్చిపోనివ్వడు.

సరే, పెట్టె దగ్గరికే వద్దాం.

రూలు ఏమంటుందంటే, తిండి ఒక్కటే కాదు, వాసన వచ్చే వస్తువులన్నీ అందులోనే పెట్టాలి. సబ్బు, టూత్‌పేస్టు, సన్‌స్క్రీను, అన్నీ. రాత్రి కారులో ఉంచకూడదు. టెంటులో అసలే కూడదు. తప్పితే 5,000 డాలర్ల దాకా జరిమానా. ఈ రూలు రాసినాయన ఎవరో గాని, వాళ్ళింట్లో వాసన వచ్చే వస్తువులు ఐదో ఆరో ఉండి ఉంటాయి. మాది తెలుగు సంసారం. పైగా మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. ఆవిడ సూట్‌కేసులో వాసన రానిది పాస్‌పోర్టు ఒక్కటే అనుకున్నాను. తెరిచి చూస్తే అదీ ఇంగువ వాసనే.

ఆవకాయ, గోంగూర, కందిపొడి, నెయ్యి పేచీ లేకుండా లోపలికి వెళ్ళాయి. కొబ్బరినూనె దగ్గర మొదలైంది.

"తలకి రాసుకునేది కూడానా?" అంది అమ్మ.

"అదీ వాసన వస్తుంది కదమ్మా. పెట్టాల్సిందే."

"మరి రాసుకున్న తలో?"

మా ఆవిడ రూళ్ళ కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చదివింది. రాసుకున్న తల గురించి అందులో ఏమీ లేదు.

తర్వాత అమృతాంజనం. అది తలగడ పక్కన లేకపోతే అమ్మకి చీకటి పడ్డట్టే అనిపించదు. "మోకాళ్ళు టెంట్లో, మందు పెట్టెలోనా? ఇదెక్కడి వైద్యంరా?" అంది. పెట్టించాం. రాత్రి పదకొండుకి తీయించాం. ఆ తలుపు వేసిన చప్పుడుకి పక్క సైటాయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మా అబ్బాయి అనువాదం చెయ్యబోతే వద్దన్నాను.

ఆ తర్వాత దేవుడు. అమ్మ ఎక్కడికి వెళ్ళినా వెంకటేశ్వరస్వామి చిన్న పటం ఒకటి వెంట వస్తుంది. పటానికి చందనం బొట్టు, పక్కన కర్పూరం డబ్బీ, సగం వాడిన అగరొత్తుల కట్ట. రూలు ప్రకారం చూస్తే మొత్తం క్యాంపులో అందరికన్నా ఎక్కువ వాసన వచ్చేది స్వామివారే. "పెట్టెలో పెట్టండి, ఏం చేస్తాం" అంది మా ఆవిడ నాతో, గొంతు తగ్గించి. అమ్మకి వినపడనే వినపడింది. "ఉల్లిపాయల పక్కన పెడతావా స్వామిని?" అని నన్నే నిలదీసింది. అరగంట చర్చ జరిగింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది: కుడివైపు స్వామి, ఎడమవైపు ఉల్లి, గుడ్లు, మధ్యలో సరిహద్దుగా పేపర్ టవల్ చుట్టలు రెండు. పొద్దున్నే గుడ్లకి ముందు స్వామిని బయటికి తీయాలి. రాత్రి అన్నిటికన్నా ఆఖరున లోపల పెట్టాలి. అంటే రోజుకి ఇంకో రెండు ధడేళ్ళు, సుప్రభాతానికొకటి, పవళింపుసేవకొకటి.

వాసనే నేరమైతే ముందు ఆ అడవిని పెట్టాలి పెట్టెలో. పాండెరోసా పైన్ బెరడుకి ఎండ తగిలిన చోట ముక్కు పెట్టి చూడండి, వెనిల్లా వాసన గుప్పుమంటుంది. ఎలుగుబంటి దాని జోలికి ఎందుకు పోదు, నా పేస్టు జోలికి ఎందుకు వస్తుంది?

అసలు ఎలుగుబంటి ఆవకాయ తింటుందా అన్నది మంట చుట్టూ కూర్చున్నాక వచ్చిన ప్రశ్న. మాతో వచ్చిన మిత్రుడు, సీసా మూత తీసి బయట పెడదాం, ఒక్కసారి నాకితే జన్మలో ఇటు రాదు అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. రుచి మరిగితే ఫ్రీమాంట్ దాకా వెనకాలే వస్తుందంది. ఇక్కడి నల్ల ఎలుగుబంట్లు ఎక్కువగా గడ్డీ, పళ్ళూ, ఓక్ కాయలూ తింటాయని మా వాడు ఫోనులో ముందే దింపుకున్నది చదివి వినిపించాడు. అమ్మ మొహం విప్పారింది. "అయితే మనవాడే," అంది.

నవ్వుకున్నాం గాని, నాకు మాత్రం మా బండి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. మాది మినీవ్యాను. 2009లో జర్నల్ ఆఫ్ మమాలజీ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 2001 నుంచి 2007 దాకా ఎలుగుబంట్లు యోసెమిటీలో బద్దలుకొట్టిన కార్ల లెక్క అంతా తీశారు. అక్కడ నిలిపిన బండ్లలో మినీవ్యాన్లు పదింట ఒకటి కూడా ఉండవు. బద్దలైన వాటిలో మాత్రం నాలుగింట ఒకటి అవే. కారణం ఏమై ఉండొచ్చో కూడా రాశారు: మినీవ్యాను అంటే పిల్లలుంటారు, పిల్లలుంటే సీట్ల కింద తిండి ఉంటుంది. మా బండి వెనక సీటు కింద పోయినేటి దసరా జంతికలు ఇంకా ఉన్నాయి. నేను నా కష్టార్జితంతో బండి కొన్నాననుకున్నాను. ఎలుగుబంటి దృష్టిలో అది నాలుగు చక్రాల పలహారాల బండి.

దాన్ని మాత్రం ఏమని తిడతాం? ఈ రుచి దానికి నేర్పింది మనుషులే. 1940 దాకా ఆ లోయలో పార్కువాళ్ళే సాయంత్రాలు దీపాలు వెలిగించి, చెత్త తెచ్చి పోసి, ఎలుగుబంట్లు దాన్ని తింటుంటే జనాన్ని వరుసగా కూర్చోబెట్టి చూపించేవారు. సందర్శకులకి అదొక వినోదం. తిండి పెట్టి తరాల తరబడి అలవాటు చేసి, ఆ తర్వాత ఇది దొంగది అన్నారు. 1998లో ఒక్క ఏడాదే పదిహేను వందలకు పైగా దోపిడీలు నమోదయ్యాయి. మనిషి తిండికి బాగా అలవాటుపడి మీదికి రావడం మొదలుపెట్టిన ఎలుగుని చివరికి చంపేస్తారు. పెట్టెలు వచ్చాక ఆ గొడవలు చాలా తగ్గాయి. కాబట్టి పెట్టె మంచిదే. నాకు పెట్టెతో తగువు లేదు. తలుపుతోనే.

నిజం చెప్పాలంటే తలుపుతో కూడా కాదేమో. ప్రశాంతత కోసం నాలుగు గంటలు ప్రయాణం చేసి వెళితే, పెళ్ళివారి విడిదిలా టెంటు పక్కన టెంటు. మా అపార్టుమెంటులో కనీసం గోడలున్నాయి. అక్కడ పక్కాయన గురక ఏ రాగంలో ఉందో, ఎక్కడ తప్పిందో కూడా తెలుస్తుంది. అడవిలో జనరేటర్లకి టైమ్‌టేబుల్ ఉందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, సాయంత్రం ఐదు నుంచి ఏడు. అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఎండాకాలం మంటలకి కూడా వేళలున్నాయి, ఐదు నుంచి పది దాకా. ఐదయ్యేసరికి అన్ని సైట్లలోనూ ఒక్కసారే కట్టెలు అంటుకుంటాయి. స్వచ్ఛమైన గాలి కోసం వచ్చినవాళ్ళందరం కళ్ళు తుడుచుకుంటూ, గాలి ఎటు మళ్ళితే అటు కుర్చీలు మోసుకుంటూ తిరుగుతాం. మనవాళ్ళ బృందం ఒకటి వెనక సైట్లో దిగింది. పోపు వాసనకే మా అమ్మ వెళ్ళి ఊళ్ళూ, ఇంటిపేర్లూ కనుక్కుని వచ్చింది. వాళ్ళు తొమ్మిదీ యాభై తొమ్మిది దాకా స్పీకరులో ఘంటసాల పెట్టారు. ఘంటసాలంటే నాకు ప్రాణం. కానీ నాలుగువేల అడుగుల ఎత్తున, పైన్ చెట్ల కింద, నేనేం వినాలో పక్కవాడు నిర్ణయించడం నాకు నచ్చలేదు.

ఇదంతా చివరిరోజు పొద్దున టెంటు మడుస్తూ సణుగుతున్నాను. ఒక్క రాత్రీ కన్ను మూతపడలేదనీ, మళ్ళీ వచ్చే ప్రశ్నే లేదనీ. అమ్మ బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతోంది.

"నాకు బాగా పట్టిందిరా నిద్ర," అంది.

"ఆ చప్పుళ్ళలోనా?"

"ఆ చప్పుళ్ళున్నాయనే. ఎవరో ఒకరు లేచున్నారులే అని పడుకున్నాను."

నాన్న పోయాక తెనాలిలో రాత్రిళ్ళు హాల్లో టీవీ వేసే ఉంచుతుందట, గొంతు తగ్గించి. నాకు తెలీదు. మా ఇంట్లో కిటికీలకి రెండేసి అద్దాలు, నేలంతా తివాచీ. "మీ ఇంట్లో గడియారం కూడా చప్పుడు చెయ్యదు," అంది. ఫ్రీమాంట్‌లో దిగినప్పట్నుంచీ సరిగ్గా నిద్ర లేదట. నిద్ర పట్టిందా అమ్మా అని నేను రోజూ అడుగుతూనే ఉన్నాను. పట్టింది నాన్నా అని తను రోజూ చెబుతూనే ఉంది. ఆ మాట పూర్తయ్యేలోపే నేను కాఫీ మిషను దగ్గరుంటాను.

ఏమనాలో తోచక టెంటు మేకులు లెక్కపెట్టాను. ఒకటి తక్కువొచ్చింది. వెతికాను.

అయినా సరే, ఆ తలుపు అంచుకి రబ్బరు పట్టీ ఒకటి అంటించడానికి ఏం రోగమో నాకర్థం కావట్లేదు. రూపాయి ఖర్చు. ఎలుగుబంటికి అభ్యంతరం ఉండదు.

మా ఆవిడ అప్పుడే ఫోనులో జనవరి పదిహేనుకి అలారం పెట్టేసింది. ఈసారి అమ్మ అప్పటికి తెనాలిలో ఉంటుంది కాబట్టి ఐదో లాప్‌టాప్ అక్కడ పెడదామని మా వాడి ఆలోచన. అమ్మకి మౌస్ పట్టుకోవడం నేర్పుతున్నాడు. మధ్యలో పిన్ని ఫోన్ చేస్తే ఆ పాఠం ఆగింది. అమ్మ స్పీకరు నొక్కి చెబుతోంది. ఎలుగుబంట్లు రెండు వచ్చాయట, ఒకటి పెద్దది, ఒకటి పిల్ల. బల్ల దాకా వచ్చి నిలబడ్డాయట. శాకాహారులట, ఎవర్నీ ఏమీ అనలేదట. నేను పక్క గదిలోంచి తల బయటపెట్టి చూశాను.

అమ్మ ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టి, "పిన్ని ఫోటో అడుగుతోందిరా, ఏం చెప్పను?" అంది.