దోహా విమాన పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

సంచి తూచి తూచి చాలు చాలనుచుండి
కూడు పెట్టి తెరను కూడ నిచ్చి
కాలు చాపు చోటు కాసు లడిగిరయ్య
దోహ చేర్చినారు దొరల వోలె

అవతారిక: హైదరాబాదు నుంచి ఖతార్ వెళ్లే ప్రయాణికుడి పద్యమిది. కవి పేరు తెలియదు గాని, మోకాళ్లు ఎదుటి సీటుకు ఆని ఉండగా చెప్పాడని మూడో పాదమే సాక్ష్యం.

టీక: సంచి తూచి తూచి = మొదట ఇంట్లో, తర్వాత కౌంటరు దగ్గర తూచి. చేతిసంచికి 7 కిలోలే మర్యాద. 2006లో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక, 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలకు క్యాబిన్ ప్రవేశం పోయింది. నెయ్యి సీసా పెద్ద సంచిలోకి దిగింది. ఎండుకొబ్బరి ప్రమాదకర సరుకుల పట్టికలో ఉంది. ఇది కొబ్బరిపై కక్ష అనుకోరాదు; నూనె ఎక్కువగా ఉండటంతో అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు.

కూడు పెట్టి = భోజనం టికెట్టులోనే కలిపి. చౌక విమానాల్లో కొనుక్కోవాలి కనుక, కవి ఎక్కింది ఆ జాతిది కాదు.

తెరను కూడ నిచ్చి = పూర్వం క్యాబిన్ అంతటికీ ఒకే తెర, ఒకే సినిమా. ఇప్పుడు సీటుకొక తెర. ఖతార్ ఎయిర్‌వేస్ 2024 అక్టోబరులో బోయింగ్ 777లో స్టార్‌లింక్ ఇంటర్నెట్ కూడా మొదలుపెట్టింది. ఫ్యామిలీ గ్రూపు గుడ్ మార్నింగుల నుంచి ఆకాశంలో దొరికే విముక్తీ దాంతో పోయింది.

కాలు చాపు చోటు = అదనపు రుసుము కట్టి పొందే సీటు. ఒకప్పుడు 777 ఎకానమీలో వరుసకు 9 సీట్లు. ఇప్పుడు చాలా సంస్థల్లో 10. విమానం వెడల్పు పెరగలేదు.

చేర్చినారు = కర్త పద్యంలో లేడు, చరిత్రలో వెతకాలి. 1974 నుంచి బహ్రెయిన్, అబుదాబి, ఒమన్‌లతో పాటు ఖతార్ కూడా గల్ఫ్ ఎయిర్‌కు యజమాని, 2002లో తప్పుకుంది. సొంత సంస్థ ఖతార్ ఎయిర్‌వేస్ 1993లో పుట్టి 1994 జనవరిలో ఎగిరింది. తెర, కూడు రెండూ ఉన్నాయి కనుక కర్త రెండోదని నిశ్చయం.

దొరల వోలె = ఇక్కడే వ్యాఖ్యాతల కలహం. ప్రయాణికులే దొరలని ఒక పక్షం, చేర్చినవారే దొరలని మరో పక్షం. పాత దోహా విమానాశ్రయంలో 2006లో పెద్ద తరగతులవారికి విడిగా టెర్మినలే కట్టారు; మిగతావారు బస్సుల్లో నిలబడి విమానం దాకా వెళ్లారు. 2014లో హమద్ విమానాశ్రయం తెరిచాక అందరూ ఒకే కప్పు కిందికి వచ్చారు. కాని 2017లో బిజినెస్ తరగతికి తలుపున్న క్యూసూట్ వచ్చి, గోడ విమానంలోకే ఎక్కింది. కనుక మొదటి అర్థం ముందు వరుసలకే చెల్లుతుంది.

తాత్పర్యం: తూకం, తిండి, తెర అందరికీ ఇచ్చి, చోటును మాత్రం అమ్ముతున్నారని భావం.

విశేషం: ఖతార్ వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ కూలీల విషయంలో దొర విమానంలో లేడు. తిరుగు ప్రయాణానికి టికెట్టు ఉన్నా, కఫీల్ (పనిలో పెట్టుకున్న పూచీదారు) ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వనిదే సీటు దక్కేది కాదు. ఆ కాగితం అవసరాన్ని చాలామంది కార్మికులకు 2018లో తీసేశారు. ఇళ్లలో పనిచేసేవారికి 2020 జనవరిలో తీసేశారు.